ర్యామ్ తీసేస్తే సరిపోదు, పద్దులూ కొట్టేయాలి

గుంటూరులో మా బాబాయికి ఒక కోల్డ్ స్టోరేజీలో వాటా ఉంది. యార్డులో రేటు నచ్చని రైతులు, ఇంకొన్నాళ్లాగితే పెరుగుతుందని ఆశపడే వ్యాపారులు మిర్చి టిక్కీలు తెచ్చి అందులో పెట్టుకుంటారు, నెలల తరబడి ఉంచుతారు. మొన్న మే నెలలో అక్కడ నాలుగో ఛాంబరు తీసేయాల్సి వచ్చింది, గోడల్లోకి చెమ్మ చేరి లోపల చలి నిలవట్లేదని. ముఠా వాళ్లు రెండ్రోజులు కష్టపడి టిక్కీలు పక్క ఛాంబర్లలోకి మోసేస్తే పనైపోతుందని నేననుకున్నా. బాబాయి నవ్వాడు. "సరుకు మార్చేది రెండ్రోజులేరా అబ్బాయ్, పేరు కొట్టెయ్యడానికే నెల పడుద్ది" అన్నాడు. నిజంగానే పట్టింది. ఛాంబరు వారీ రిజిస్టరు, రైతుల దగ్గరున్న బాండ్లు, బ్యాంకులో తాకట్టున్న సరుకు జాబితా, ఇన్సూరెన్సు కాగితాలు, చివరికి గేటు పక్క గోడ మీద పెయింటుతో రాయించిన "మొత్తం ఛాంబర్లు 6" అన్న లెక్క, ఇలా ఎక్కడ చూసినా ఆ నాలుగో నంబరు ఉంది.

అదే వారం నేను ఇంట్లో ఒక వర్చువల్ మెషిన్ (కంప్యూటర్ లోపల సాఫ్ట్‌వేర్‌తో నడిపే ఇంకో కంప్యూటర్) లోంచి, అది నడుస్తుండగానే, 1 జీబీ మెమరీ వెనక్కి తీసుకోబోయి కుదరక తల పట్టుకున్నాను. కోపంతో లైనక్స్ కెర్నల్ (మెమరీని అందరికీ పంచే, ఆపరేటింగ్ సిస్టమ్‌లోని అసలు ప్రోగ్రాము) కోడ్ తెరిచి చూస్తే అక్కడా ఇదే కథ. పేజీలు (మెమరీని కోసుకున్న చిన్న ముక్కలు) ఖాళీ చేయడం ఒక ఎత్తు, ఆ మెమరీ పేరు ఎన్ని పుస్తకాల్లో రాసుందో వెతికి కొట్టేయడం ఇంకో ఎత్తు. మొదటిదాని గురించి చాలామంది రాశారు, రెండోదాన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోరు. నాకు మాత్రం రెండోదే రుచిగా అనిపించింది.

నడుస్తున్న కంప్యూటర్లోంచి ర్యామ్ ఎవరు తీస్తారండీ అని అడగొచ్చు. మన ఇంట్లో డెస్క్‌టాప్ మీద ఎవరూ తీయరు, దయచేసి ప్రయత్నించకండి కూడా. మెమరీ బోర్డులు విడిగా తీసి పెట్టే పెద్ద సర్వర్లు ఉంటాయి, ఒకే యంత్రాన్ని ముక్కలుగా పంచుకునే ఐబీఎమ్ పవర్ సర్వర్లు ఉంటాయి, ఇప్పుడు కొత్తగా సీఎక్స్‌ఎల్ అనే లింకుతో తగిలించిన మెమరీ వస్తోంది. అన్నిటికంటే ఎక్కువగా జరిగేది వర్చువల్ మెషిన్లలోనే. పొద్దున పనెక్కువున్నవాడికి ఇచ్చి, రాత్రి వెనక్కి తీసుకుని ఇంకొకడికి ఇవ్వడం. లైనక్స్‌లో మెమరీని కలపడం ముందే వచ్చింది, తీయడం మాత్రం చాలాకాలం సగంలోనే ఆగింది. భౌతికంగా తీసేశాక పద్దులన్నీ శుభ్రం చేసే మార్పుల్లో ముఖ్యమైనవి ఫుజిట్సు ఇంజనీర్లు రాస్తే, 2013లో 3.9 వెర్షన్లో చేరాయి.

పని రెండు దశల్లో జరుగుతుంది. మొదటిది ఆఫ్‌లైన్ చేయడం, అంటే ఆ మెమరీలో ఉన్న సరుకంతా వేరే చోటికి మార్చి, ఇక ఎవరికీ అక్కడ చోటు ఇవ్వకుండా తాళం వేయడం. రెండోది తొలగించడం, అంటే అసలు అలాంటి మెమరీ ఒకటుండేదని కెర్నల్ మర్చిపోవడం. ఈ రెంటినీ కలిపేసి మాట్లాడితే ఏదీ అర్థం కాదు. ఆఫ్‌లైన్ అయిన మెమరీ ఇంకా పుస్తకాల్లో ఉంటుంది, కావాలంటే ఒక్క కమాండ్‌తో మళ్లీ ఆన్‌లైన్ అవుతుంది. తొలగించిన మెమరీకి ఆ అడ్రసే ఉండదు.

కొలతలు చూద్దాం, ఎందుకంటే తర్వాత ఇవే పనికొస్తాయి. ఎక్స్86 (ఇంటెల్, ఏఎమ్‌డీ ప్రాసెసర్ల) యంత్రాల మీద ఒక పేజీ 4 కేబీ. 32,768 పేజీలు కలిస్తే ఒక సెక్షన్, అంటే 128 ఎంబీ. వాడేవాళ్లకి /సిస్/డివైసెస్/సిస్టమ్/మెమరీ డైరెక్టరీలో కనిపించేవి బ్లాకులు, చిన్న యంత్రాల్లో ఒక బ్లాకంటే ఒక సెక్షనే, 64 జీబీ దాటిన యంత్రాల్లో మాత్రం ఒక్కో బ్లాకు 2 జీబీ దాకా ఉండొచ్చు. ఒక్కో బ్లాకుకి ఒక్కో డైరెక్టరీ, అందులో స్టేట్ అనే ఫైలు. దాన్లోకి ఆఫ్‌లైన్ అని రాస్తే కెర్నల్ ఖాళీ చేయడం మొదలుపెడుతుంది.

నా ప్రయోగం ఇదీ. వర్చువల్ మెషిన్లు నడిపే క్యూఎమ్యూ అనే ప్రోగ్రాములో 4 జీబీతో ఒక మెషిన్ లేపాను, క్యూ35 మోడల్. అందులో సగం 4 జీబీ అడ్రసు కింద, సగం పైన కూర్చుంటుంది, కాబట్టి తర్వాత తగిలించిన 1 జీబీ డిమ్ (ర్యామ్ కార్డు, ఇక్కడ వర్చువల్‌ది) సరిగ్గా 6 జీబీ అడ్రసు దగ్గర మొదలైంది. జీబీకి ఎనిమిది బ్లాకులు, ఆరెనిమిదులు నలభై ఎనిమిది, అంటే 48 నుంచి 55 దాకా ఎనిమిది కొత్త డైరెక్టరీలు. బ్లాకుల్ని చూపించే ఎల్‌ఎస్‌మెమ్ కమాండ్ కొడితే అన్నీ ఆన్‌లైన్ అని చక్కగా చూపించింది. ఓ అరగంట లోపల కెర్నల్‌నే కంపైల్ చేయించాను, మెమరీ బాగా నిండాలని. ఆ తర్వాత బయటి నుంచి డిమ్ తీసేయమని చెప్పాను. లోపల బ్లాకులు ఒక్కొక్కటే ఆఫ్‌లైన్ అవుతూ 52 దగ్గర ఆగిపోయింది. కెర్నల్ సందేశాలు కనిపించే డీమెసేజ్‌లో చూస్తే, కదలని పేజీ ఒకటి అడ్డమొచ్చింది, కుదరదు అని ఉంది. అంతటితో ఊరుకోలేదు, అప్పటిదాకా ఆఫ్‌లైన్ అయినవాటిని కూడా మళ్లీ ఆన్‌లైన్‌కి తెచ్చి, ఏమీ జరగనట్టు కూర్చుంది. ఎనిమిదిలో ఏడు వచ్చినా లాభం లేదు, డిమ్ ఒక్కటే కదా, ముప్పాతిక డిమ్ పీకలేం.

కదలని పేజీ అంటే ఏమిటో చెప్పాలి. మన ప్రోగ్రాము వాడే పేజీకి, ప్రోగ్రాముకి మధ్యలో పేజీ టేబుల్ ఉంటుంది. కెర్నల్ ఆ పేజీలోని డేటాని ఇంకో చోటికి కాపీ చేసి టేబుల్‌లో అడ్రసు మార్చేస్తే ప్రోగ్రాముకి తెలియను కూడా తెలియదు. కెర్నల్ తన సొంతానికి వాడుకునే స్లాబ్ పేజీలు అలా కాదు. ఫైళ్ల పేర్లు గుర్తుపెట్టుకోవడానికో, ప్రాసెస్ వివరాలు రాసుకోవడానికో తీసుకున్న చోటుని కెర్నల్లో పది చోట్ల నుంచి పాయింటర్లు (అడ్రసు రాసుకున్న గుర్తులు) నేరుగా వేలెత్తి చూపిస్తుంటాయి. ఆ పది ఎక్కడున్నాయో ఎవరూ రాసుకోలేదు. డీఎమ్ఏ కోసం, అంటే సీపీయూ మధ్యలో లేకుండా నేరుగా మెమరీని వాడుకోవడానికి, ఏదో డివైసు పిన్ చేసి (కదలకుండా పట్టి) ఉంచిన పేజీలదీ అదే పరిస్థితి.

అందుకే తర్వాత తీసేద్దామనుకున్న మెమరీని మొదటే మూవబుల్ జోన్లో (జోన్ అంటే కెర్నల్ మెమరీని విడదీసుకున్న భాగం) ఆన్‌లైన్ చేయాలి. ఆ జోన్లో కెర్నల్ తన సామాను పెట్టదు, కదిలేవే పెడుతుంది. నేను ఆ జాగ్రత్త తీసుకోలేదు, డిస్ట్రో వాళ్లు పెట్టిన డిఫాల్టు ప్రకారం అది నార్మల్ జోన్లో చేరింది, దెబ్బ తిన్నాను. అలాగని ఉన్నదంతా మూవబుల్ చేసేస్తే కెర్నల్‌కి కూర్చోడానికి చోటుండదు. మూవబుల్‌కీ మిగతాదానికీ 3:1, మహా అయితే 4:1 దాకా మామూలుగా నడుస్తుందనీ, 63:1 అసలు సాధ్యమే కాదనీ కెర్నల్ డాక్యుమెంటేషన్లోనే రాశారు. ఆ 63 ఎక్కడిదో కిందకొచ్చేసరికి మీకే తెలుస్తుంది.

ఇక్కడ ఒక చిన్న ముచ్చట. డిమ్ తీయమని ఏసీపీఐ (మదర్‌బోర్డులోని ఫర్మ్‌వేర్ కెర్నల్‌తో మాట్లాడే పద్ధతి) ద్వారా కబురొచ్చినప్పుడు కెర్నల్ ఆ డిమ్ బ్లాకులన్నిటినీ ఆఫ్‌లైన్ చేయడానికి రెండుసార్లు తిరుగుతుంది, మొదటి తిరుగుడులో ఎవరైనా మొరాయించినా పట్టించుకోదు. ఎందుకంటే ఒక బ్లాకు గురించిన లెక్కలు పక్క బ్లాకులో రాసుకుని ఉండొచ్చు, ఏ బ్లాకులో ఎవరి లెక్కలున్నాయో ముందుగా తెలియదు. గుమాస్తా కుర్చీ, బీరువా ఉన్న గదిని అందరికంటే చివర్లో ఖాళీ చేయాలి కదా, కాకపోతే ఆ గది ఏదో తెలియని పరిస్థితి. అందుకని రెండు రౌండ్లు. తెలివైన పరిష్కారం అనను గానీ, నాకు నచ్చింది.

సరే, మెషిన్ మళ్లీ లేపి, ఈసారి మూవబుల్‌గా ఆన్‌లైన్ చేసి, మళ్లీ తీయమన్నాను. ఎనిమిది బ్లాకులూ ఆఫ్‌లైన్ అయ్యాయి. అసలు కథ ఇప్పుడు మొదలవుతుంది.

అన్నిటికంటే లావుపాటి పుస్తకం స్ట్రక్ట్ పేజీలది. ప్రతి 4 కేబీ పేజీకి కెర్నల్ 64 బైట్ల పద్దు రాసుకుంటుంది. ఎవరు వాడుతున్నారు, ఎంతమంది పట్టుకున్నారు, ఏ జాబితాలో ఉంది, ఇలాంటివి. 4 కేబీలో 64 బైట్లంటే అరవై నాలుగో వంతు, 63:1 వచ్చింది అక్కడి నుంచే. ఆ నిష్పత్తిలో వెళ్తే మిగిలిన ఒక్క భాగమూ పద్దులకే సరిపోతుంది. 128 ఎంబీ సెక్షన్‌కి 2 ఎంబీ, 64 జీబీకి నిండా ఒక జీబీ, లెక్కల పుస్తకానికే. కాబట్టి మెమరీ తీసేశాక ఈ పుస్తకం పారేయకపోతే అది చిన్న లీకేజీ కాదు. 2021 నుంచి ఇంకో వెసులుబాటు వచ్చింది, కొత్తగా వచ్చిన మెమరీ పద్దుల్ని అదే మెమరీ మొదట్లో రాసుకోవచ్చు. అప్పుడు సరుకుతోపాటే పుస్తకమూ పోతుంది. సొంత ఖాతా పుస్తకం సొంత సంచిలోనే తెచ్చుకునే వ్యాపారి లాంటిదన్నమాట.

ఈ పద్దులన్నీ వరసగా ఒకే పొడవాటి వరుసలో ఉన్నట్టు కనిపించడానికి కెర్నల్ వాటికోసం విడిగా ఒక వర్చువల్ అడ్రసు ప్రాంతం పెట్టుకుంది, వీమెమ్‌మ్యాప్ అంటారు. ఒక సెక్షన్ పద్దులు సరిగ్గా 2 ఎంబీ అవ్వడం అదృష్టం, ఎక్స్86లో 2 ఎంబీ పెద్ద పేజీ ఒక్కటి చాలు, తీసేటప్పుడు దాన్నే ఊడబెరికితే అయిపోతుంది. చిక్కెక్కడంటే పర్సిస్టెంట్ మెమరీ (కరెంటు పోయినా డేటా ఉంచుకునేది) లాంటివి 2 ఎంబీ ముక్కల్లో కూడా వచ్చి పోతుంటాయి, వాటి పద్దులు ఆ పెద్ద పేజీలో ఏ మూలో 32 కేబీ జాగాలో ఉంటాయి. ఆ ముక్క పోయింది, కానీ పక్కనున్న వేరే ముక్కల పద్దులు ఇంకా బతికే ఉన్నాయి. పేజీ పారేయలేం, అలాగని ఉంచితే ఎప్పుడు పారేయాలో ఎలా తెలుస్తుంది?

ఇక్కడ కెర్నల్ చేసే పని చూసి నాకు నవ్వొచ్చింది. కౌంటరు పెట్టుకోదు, జాబితా రాసుకోదు. పోయిన ముక్క పద్దులున్న ఆ జాగా అంతటినీ ఎఫ్‌డి అనే బైటుతో నింపేస్తుంది, హెక్సాలో ఎఫ్‌డి. తర్వాత పేజీ మొత్తం ఈ చివర్నుంచి ఆ చివరిదాకా చదువుతుంది, ఎఫ్‌డి కానిది ఒక్కటన్నా దొరికితే ఇంకా ఎవరో ఉన్నారని వదిలేస్తుంది, అంతా ఎఫ్‌డినే అయితే అప్పుడు పారేస్తుంది. ఎవరి వరస అయిపోతే వాళ్లది ఎర్రసిరాతో కొట్టేస్తూ, పేజీ నిండా ఎరుపైతే ఆ కాగితం చించేయడం. పద్దు చచ్చిపోయింది కాబట్టి అందులో ఏం రాసినా నష్టం లేదు, విడిగా లెక్క పెట్టుకునే చోటు కూడా అక్కర్లేదు. ఇలాంటివి పాఠ్యపుస్తకాల్లో ఉండవు.

పుస్తకం పోయాక దారి మూయాలి. కెర్నల్ మొత్తం ర్యామ్‌ని తనకి ఎప్పుడూ అందేలా ఒక డైరెక్ట్ మ్యాప్ వేసి ఉంచుకుంటుంది. తీసేసిన భాగానికి ఆ ఎంట్రీలు చెరిపేసి, ఎంట్రీలు ఉన్న టేబుల్ పేజీలు ఖాళీ అయితే వాటినీ వదిలేసి, సీపీయూలు గుర్తుపెట్టుకున్న పాత అనువాదాలు పోవడానికి టీఎల్‌బీ ఫ్లష్ చేయాలి. ఇది మర్చిపోతే లేని గదిలోకి తలుపు తెరిచి ఉంచినట్టే.

తర్వాతిది /ప్రాక్/ఐఓమెమ్. ఏ అడ్రసులో ఏముందో చెప్పే చిట్టా ఇది, ఈ అడ్రసు నుంచి ఆ అడ్రసు దాకా సిస్టమ్ ర్యామ్, ఇక్కడ పీసీఐ, అలా. నా మెషిన్లో డిమ్ విడిగా ఒక వరస, 6 జీబీ నుంచి 7 జీబీ దాకా, కొట్టేస్తే అయిపోయింది. అన్నిసార్లూ ఇంత తేలిక కాదు. బూట్ సమయంలో ఉన్న ర్యామ్ ఎన్ని బోర్డులది అయినా ఒకే పెద్ద వరసగా నమోదవుతుంది, అందులో నడిమధ్య బోర్డు తీసేస్తే? మొదలు నుంచి తీస్తే మొదలు జరపాలి, చివర్నుంచి తీస్తే చివర జరపాలి, మధ్యలోంచి తీస్తే ఒక వరసని రెండు చేయాలి. రెండు చేయాలంటే కొత్త పద్దు ఒకటి కావాలి, దానికి మెమరీ అడగాలి. అంటే మెమరీ తీసేయడానికి మెమరీ కావాలి, అది దొరక్కపోతే తీసే పని మధ్యలో ఇరుక్కుంటుంది. పొలం మధ్యలో కాలవ తవ్వితే ఒక పాస్‌బుక్కు రెండవుతుంది, రెండో పుస్తకానికి ఫీజు కట్టాలి. 2013లోనే ఇలా జరిపే, చీల్చే ఫంక్షన్ వచ్చింది. అంతకుముందు నమోదైన వరస, తీసేసే వరస అచ్చంగా ఒకటైతేనే పని జరిగేది.

ఇక గేటు పక్క గోడ మీద పెయింటు రాతకి వద్దాం. కెర్నల్లో దాని పేరు /సిస్/ఫర్మ్‌వేర్/మెమ్‌మ్యాప్. బూట్ అయ్యేటప్పుడు ఫర్మ్‌వేర్ ఇచ్చిన మెమరీ పట్టీని కెర్నల్ తన అవసరం కొద్దీ మార్చుకుంటుంది గానీ, అసలు ప్రతిని ఇక్కడ యథాతథంగా ఉంచుతుంది. 2008 నుంచీ ఉంది. 0, 1, 2 అంటూ డైరెక్టరీలు, ఒక్కోదాన్లో స్టార్ట్, ఎండ్, టైప్ అని మూడు ఫైళ్లు, అంతే. నడుస్తున్న కెర్నల్‌కి దీంతో రోజువారీ పనేమీ లేదు. మరి ఎవరికి కావాలంటే కెఎగ్జెక్‌కి. మెషిన్ రీబూట్ చేయకుండా ఒక కెర్నల్ నుంచి నేరుగా ఇంకో కెర్నల్లోకి దూకే పద్ధతి అది. మధ్యలో ఫర్మ్‌వేర్ నడవదు కాబట్టి కొత్త కెర్నల్‌కి ఎంత ర్యామ్ ఎక్కడుందో పాతవాళ్లే చెప్పాలి, కెఎగ్జెక్ ఈ గోడ మీద రాత చదివి చెబుతుంది. డిమ్ తీసేశాక ఈ పద్దు కొట్టేయలేదనుకోండి, ఆరోజుకి ఏమీ జరగదు, నెలకీ ఏమీ జరగకపోవచ్చు. ఎప్పుడో కెఎగ్జెక్ చేసిన రోజు కొత్త కెర్నల్ లేని ర్యామ్ మీద కాలు పెడుతుంది. గేటు బోర్డు చూసి కొత్త లారీ డ్రైవరు నేరుగా నాలుగో ఛాంబరుకి బండి వెనక్కి పెడతాడు, అక్కడ గొయ్యి. నాకు తెలిసినంతలో పద్దుల్లోకెల్లా ప్రమాదకరమైనవి ఇలాంటివే, తప్పు చేసిన రోజున ఏమీ తెలియదు, తెలిసిన రోజున తప్పెక్కడ జరిగిందో గుర్తుండదు.

ఈ పద్దు కొట్టేయడంలో రెండు చిక్కులున్నాయి. మొదటిది చిన్నది. ఎవరో ఆ ఫైలు తెరిచి చదువుతుండగా పద్దు ఉన్న చోటుని ఫ్రీ చేయకూడదు. అందుకని ముందు లాక్ పట్టుకుని జాబితాలోంచి తప్పిస్తారు, తర్వాత పట్టు వదులుతారు, చదివేవాళ్లు కూడా వదిలాకే చోటు నిజంగా ఖాళీ అవుతుంది. /సిస్ కింద కనిపించే ఈ ఫైళ్ల వ్యవస్థ, సిస్‌ఎఫ్‌ఎస్‌లో అన్నిటికీ ఇదే మర్యాద.

రెండోదే అసలైన చిక్కు. ఆ పద్దు రాసిన కాగితం ఎక్కడిది? డిమ్ తర్వాత తగిలించిందైతే పేచీ లేదు, కెఎమ్అలాక్ (కెర్నల్ తన అవసరాలకి చోటు అడిగే ఫంక్షన్) కుటుంబం నుంచి చోటు తీసుకుని ఉంటారు, కెఫ్రీ అంటే వెనక్కి పోతుంది. బూట్‌లోనే ఉన్న మెమరీ అయితే మాత్రం ఆ పద్దు రాసే సమయానికి కెఎమ్అలాక్ ఇంకా పుట్టలేదు. అప్పుడు నడిచేది మెమ్‌బ్లాక్ అనే తాత్కాలిక పద్ధతి, ఎవరడిగితే వాళ్లకి వరసగా కొంచెం కొంచెం కోసిచ్చేస్తుంది, ఎవరికెంత ఇచ్చిందో విడివిడిగా గుర్తుపెట్టుకోదు. ఒకే పేజీలో ఈ పద్దు, దాని పక్కన ఇంకెవరిదో, ఆ పక్కన ఇంకెవరిదో. అసలైన ఎలకేటర్‌కి (మెమరీ పంచే భాగానికి) తిరిగివ్వాలంటే పేజీ మొత్తంగా ఇవ్వాలి, మధ్యలో వంద బైట్లు ఇస్తానంటే తీసుకోదు. తెలియక దాన్ని కెఫ్రీకి ఇస్తే అది తను ఎప్పుడూ ఇవ్వని చోటుని వెనక్కి తీసుకోబోయి తన లెక్కలే పాడుచేసుకుంటుంది. బైండు చేసిన పుస్తకంలో ఒక్క వరసని చించలేం, చించితే వెనకవైపు పద్దులూ పోతాయి.

మరేం చేశారు? ఇక్కడే ఒకే సమస్యకి కెర్నల్లో తలో మూలా తలో జవాబు కనిపిస్తుంది. ఫర్మ్‌వేర్ పట్టీ విషయంలో, కొట్టేసిన బూట్ నాటి పద్దుని పారేయకుండా ఒక పక్క జాబితాలో దాచుకుంటారు. రేపు సరిగ్గా అదే అడ్రసు, అదే సైజు మెమరీ మళ్లీ తగిలిస్తే ఆ పాత కాగితాన్నే తుడిచి వాడతారు. రైతు అదే సరుకు మళ్లీ తెస్తే పాత వరస మీదే రాసుకోవడం. అంకెలు ఒక్కటి తేడా ఉన్నా అది అలా పడి ఉంటుంది.

ఐఓమెమ్ చిట్టాకి కూడా 2013లో ఇలాంటి దాపుడు జాబితానే పెట్టారు. కొన్నేళ్లు నడిచింది, మధ్యలో బగ్గులొచ్చాయి, చివరికి 2022లో దాన్ని ఎత్తేశారు. ఇప్పుడక్కడ కోడ్‌లో నిర్మొహమాటంగా ఒక కామెంటు ఉంటుంది, బూట్‌లో తీసుకున్న చోటైతే ఇక్కడ లీక్ అవనిస్తాం, తెలివిగా దాచి తర్వాత వాడుకుందామంటే అనవసరంగా చిక్కు పెరుగుతోంది అన్న అర్థంలో. నేను దీన్నే సమర్థిస్తాను. పోయేది పదుల బైట్లు, అదీ ఎప్పుడో బూట్ నాటి బోర్డు తీసినప్పుడు. దాన్ని కాపాడడానికి రాసిన కోడ్ వల్ల వచ్చే బగ్గు ఖరీదు అంతకంటే ఎక్కువ. లీక్ అనగానే మనకి టెన్షన్ వస్తుంది, కానీ ఎంత పోతోంది, ఎన్నిసార్లు పోతోంది అని అడగకుండా భయపడడం అనవసరం.

ఆర్మ్64 (ఎక్స్86 కాని ఇంకో రకం ప్రాసెసర్లు) వాళ్లది మూడో దారి. బూట్‌లో వచ్చిన మెమరీని ఆఫ్‌లైన్ చేయడానికే ఒప్పుకోరు, తర్వాత తగిలించింది మాత్రమే తీయనిస్తారు. బూట్ సమయంలో కేటాయించిన పేజీలు విడిపించే బాధ్యత తమకొద్దని ముందే చెప్పేసినట్టు. ఇంకో చోట, సెక్షన్లలో ఏ భాగాలు వాడుకలో ఉన్నాయో చెప్పే చిన్న పటాలు కొన్ని ఉంటాయి, బూట్ నాటివైతే చాలా సెక్షన్ల పటాలు ఒకే పేజీలో సర్దుకుని ఉంటాయి, వాటిని అక్కడే ఉంచేస్తారు, ఆ సెక్షన్ మళ్లీ వస్తే అదే పటం వాడుకుంటుంది. నోడ్ (ఒక ప్రాసెసరుకి దగ్గరగా ఉన్న మెమరీ గుంపు) అంతా ఖాళీ అయితే దాని పేరు జాబితాలోంచి తీసేస్తారు గానీ, ఆ నోడ్ తాలూకు పెద్ద డేటా స్ట్రక్చర్ని ఫ్రీ చేయరు, ఎవరి చేతిలో ఇంకా దాని పాయింటరుందో తెలియదు కాబట్టి.

వీటన్నిటికంటే తెలివైన పని చేసింది వర్టయో-మెమ్ అని నా అభిప్రాయం. 2020లో 5.8 వెర్షన్లో వచ్చింది, వర్చువల్ మెషిన్‌కి మెమరీ పెంచడం తగ్గించడం కోసమే పుట్టింది. అది తెచ్చిన మెమరీ ఫర్మ్‌వేర్ పట్టీలోకి అసలు ఎక్కదు. ఐఓమెమ్‌లో కూడా మామూలు సిస్టమ్ ర్యామ్ అని కాకుండా, పక్కన బ్రాకెట్లో డ్రైవరు పేరుతో నమోదవుతుంది, కెఎగ్జెక్ దాన్ని చూసి మనది కాదని పక్కకి తప్పుకుంటుంది. ఈ మెమరీ ఇవాళ ఉండి రేపు పోయేది, కొత్త కెర్నల్ లేచాక డ్రైవరే మళ్లీ అడిగి తెచ్చుకుంటుంది, మరి గోడ మీద రాయించడమెందుకు? రాయని పద్దుని కొట్టేసే పనుండదు.

కెడంప్ సంగతి ఒక్క ముక్కలో చెప్పి వదిలేస్తాను. కెర్నల్ కూలిపోతే మెమరీ మొత్తం ఫైల్లోకి తీయడానికి ముందే ఒక పట్టీ తయారు చేసి పెట్టుకుంటారు, ఏ అడ్రసు నుంచి ఏ అడ్రసు దాకా తీయాలో. డిమ్ పోయాక ఆ పట్టీ పాతబడుతుంది. ఇదివరకు యూజర్ స్పేస్‌లో, అంటే కెర్నల్ బయట, యూడెవ్ (పరికరాలు రావడం పోవడం గమనించే ప్రోగ్రాము) రూలు ఒకటి కనిపెట్టి కెడంప్ మొత్తాన్ని మళ్లీ లోడ్ చేసేది, వరసగా ఎనిమిది బ్లాకులు పోతే ఎనిమిది కబుర్లు. 2023లో 6.6 నుంచి ఎక్స్86లో కెర్నలే ఆ పట్టీని తనంతట తాను దిద్దుకోగలదు.

నా మెషిన్‌కి వస్తే, రెండోసారి అన్నీ శుభ్రంగా పోయాయి. ఎల్‌ఎస్‌మెమ్‌లో 48 నుంచి 55 లేవు, ఐఓమెమ్‌లో 6 జీబీ వరస లేదు, ఫర్మ్‌వేర్ పట్టీలో డిమ్‌కిచ్చిన 9 నంబరు డైరెక్టరీ లేదు. అంతటితో ఆపకుండా అదే డిమ్ మళ్లీ తగిలించాను. బ్లాకులు మళ్లీ 48 నుంచి 55 గానే వచ్చాయి, ఆ నంబర్లు అడ్రసుని బట్టి వచ్చేవి కదా. ఫర్మ్‌వేర్ పట్టీలో మాత్రం 9 రాలేదు, 10 వచ్చింది. తప్పేమోనని కోడ్ చూశాను. అక్కడి కౌంటరు పెరగడమే తప్ప తగ్గదు, ఒకసారి వాడిన నంబరు మళ్లీ ఎవరికీ ఇవ్వదు.

మా బాబాయి ఆ ఖాళీ జాగాలో వచ్చే సీజన్‌కి కొత్త ఛాంబరు కట్టిస్తున్నాడు. దానికి ఏం నంబరేస్తున్నావని అడిగాను. "ఏడు" అన్నాడు. నాలుగు ఖాళీగానే ఉందిగా అంటే, "పాత బాండ్లు ఇంకా ఎవరెవరి బీరువాల్లో ఉన్నాయో ఎవడికి తెలుసు, రేపొకడు నాలుగో నంబరు కాగితం పట్టుకొచ్చి నా సరుకేదంటే?" అన్నాడు. గేటు గోడ మీద పెయింటర్ని ఇంకా పిలవలేదు.